మౌత్ ఆర్గాన్ ‘ఏదో ఒకటి’ కొనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో సెలవుల్లో పిల్లలకు నేర్పదగిన వాయిద్యాల గురించి ఒక పేజీ వేశారు. సంతోషం. పిల్లల చేతిలోంచి కాసేపు ఫోన్ దింపించే ఏ ప్రయత్నమైనా మంచిదే. కానీ అందులో మౌత్ ఆర్గాన్‌కి కేటాయించిన నాలుగు లైన్లు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ‘అన్నిటికంటే తేలికైన వాయిద్యం, ఏదో ఒకటి కొనిస్తే చాలు, రెండు గంటల్లో పాట పలికించేస్తారు’ అని రాశారు. ఆ ‘ఏదో ఒకటి’ దగ్గరే నా పేచీ.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి. 2022లో ఆ పోస్టుకి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. నేను మట్టుకు గార్డుగానే బండి దిగాను. సంగీతం మాస్టారిని కాను, కచేరీలు చేసినవాణ్ణీ కాను. అయితే మీరు చెప్పిన ఆ ‘ఏదో ఒకటి’ నాకు చిన్నప్పుడే దొరికింది. దానివల్ల పద్నాలుగేళ్లు పోగొట్టుకున్నాను కాబట్టి నాకు మాట్లాడే హక్కుందనుకుంటున్నాను.

1969లో నాకు పదమూడేళ్లు. మాది కోనసీమ. అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు మా మేనమామ రూపాయిన్నర పెట్టి ఒక మౌత్ ఆర్గాన్ కొనిచ్చాడు. ఎర్ర రంగు రేకు, దాని మీద రెండు చిలకల బొమ్మ. పడవ దిగి ఇంటికొచ్చేదాకా ఊదుతూనే ఉన్నాను. ఎక్కడ ఊదినా నాలుగు స్వరాలు గుంపుగా పలికేవి. కొన్ని చోట్ల ఎంత ఊదినా ఉత్త గాలే వచ్చేది. వారం తిరిగేసరికి ఇంట్లో తీర్పు చెప్పేశారు: వీడికి సంగీతం అబ్బదు. నేనూ నమ్మాను.

మా ఊళ్లో పద్య నాటకాలకి హార్మోనీ వాయించే ఆయన ఒకాయన ఉండేవారు. ఒకరోజు నా చేతిలోంచి దాన్ని లాక్కుని, చాకు మొనతో రేకు అంచులు విప్పి లోపల చూపించారు. సన్నటి ఇత్తడి నాలుకలు వరసగా ఉన్నాయి. రెండు విరిగిపోయాయి, ఒకటి పలకకి అతుక్కుపోయి కదలడం లేదు. ఇంకోదాని కింద జీడి ముక్క ఇరుక్కుంది. అది నా ఘనకార్యమే. తీర్థంలో కొన్న జీళ్లు తింటూ ఊదాను మరి. ఆయన తన హార్మోనీ పైచెక్క ఎత్తి అందులోని నాలుకని, అదే రీడ్‌ని, గోటితో మీటారు. ‘ట్ంయ్’ అంది. నా దాంట్లోని బాగున్న నాలుకని మీటారు. చిన్నగా, సన్నగా అదే ‘ట్ంయ్’. ‘రెండూ అన్నదమ్ములేరా. దీనికి తిత్తి ఉంది, నీ దానికి నువ్వే తిత్తివి’ అన్నారు. పేరుకి వాయిద్యమే గానీ అది ఆటబొమ్మ అనీ, దాంతో ఎవడూ పాట పలికించలేడనీ కూడా చెప్పారు. అప్పటికే నాకు మనసు విరిగిపోయింది.

మళ్లీ మౌత్ ఆర్గాన్ పట్టుకున్నది 1983లో. మౌలాలిలోని మా రైల్వే ట్రైనింగ్ స్కూలుకి కోర్సుకి వెళ్లాను. ఈలోగా హిందీ సినిమాలో అమితాబ్ చీకట్లో కూర్చుని మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటే, ఎదురింట్లో ఒకావిడ దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వెళ్లే సీను చూడని మగపిల్లాడు మా బ్యాచ్‌లో లేడు. నాకూ పాత గాయం కెలికినట్టయింది. ఆదివారం సికింద్రాబాద్‌లో ఒక సంగీత వాయిద్యాల షాపుకి వెళ్లాను. ఆ షాపాయన మొదటి మాటే ‘నోట్లో పెడితే కొనాల్సిందే’ అన్నాడు. అన్నాడు గానీ, బల్ల కింద నుంచి పుస్తకమంత తిత్తి ఒకటి తీసి, మౌత్ ఆర్గాన్ దానికి ఆనించి, ఒక్కొక్క రంధ్రం ఊదీ పీల్చీ వినిపించాడు. మొత్తం అయ్యేసరికి పావుగంట పట్టింది. పీల్చేటప్పుడు ఒక స్వరం బొంగురుగా వస్తే దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీశాడు. మౌత్ ఆర్గాన్ కొనడమంటే ఏమిటో నాకు ఆ పావుగంటలో తెలిసింది. ఇప్పుడు కూడా ఎవరైనా అడిగితే మొదట చెప్పేది అదే. ప్రతి రంధ్రం ఊదినప్పుడూ పలకాలి, పీల్చినప్పుడూ పలకాలి. కంపెనీ పేరు చూడటం ఆ తరవాత. షాపులో తిత్తి లేకపోతే, లోపం ఉంటే మార్చి ఇస్తారో లేదో ముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి. నోరు పెట్టినది వెనక్కి తీసుకోరు. అందులో వాళ్ల తప్పు కూడా లేదు.

ఆ రోజు కొన్నది ట్రెమొలో రకం, ఇరవై నాలుగు రంధ్రాలు. మన దేశంలో మౌత్ ఆర్గాన్ అనగానే చాలామంది ఎరిగినది ఇదే. రంధ్రాలు పైనా కిందా రెండు వరసలుగా ఉంటాయి. ఒక్కో స్వరానికి రెండేసి నాలుకలు. ఒకదాని శ్రుతి రెండోదాని కంటే రవ్వంత ఎక్కువ పెడతారు. రెండూ కలిసి మోగితే నీళ్ల మీద వెలుగులా స్వరం వణుకుతుంది. పాత సినిమా పాటలకి దాని తియ్యదనం ఇంకోదానికి రాదు. దాంతో నేను ఇరవై ఏళ్లకి పైగా కాలక్షేపం చేశాను. దువ్వాడ రన్నింగ్ రూమ్‌లో రాత్రి డ్యూటీ దిగి పడుకున్నవాళ్లు ‘గార్డు గారూ, పగలంతా మీ విజిల్ చాలలేదా’ అని తిట్టేవారు. బయట వేపచెట్టు కిందకి పోయి వాయించుకునేవాణ్ణి.

రెండో రకం పది రంధ్రాలది. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక్కో రంధ్రంలో రెండు నాలుకలు, ఒకటి ఊదితే పలికేది, ఒకటి పీలిస్తే పలికేది. జర్మనీలో ట్రోసింగెన్ అనే ఊళ్లో గడియారాలు చేసే మథియాస్ హోనర్ 1857లో మౌత్ ఆర్గాన్లు చేయడం మొదలుపెట్టాడు. వాళ్ల మెరైన్ బ్యాండ్ అనే పది రంధ్రాల మోడల్ 1896 నుంచి ఇప్పటికీ వస్తోంది. అమెరికాలో బ్లూస్ అనే సంగీతం వాయించేవాళ్లు పట్టుకునేది ఈ రకమే. మూడోది క్రోమాటిక్. పక్కన ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే స్వరం అర మెట్టు పైకి పోతుంది. పన్నెండు స్వరస్థానాలూ దొరుకుతాయి. మొదటిసారి కొనేవాళ్లు దాని జోలికి పోవద్దు. ఖరీదు ఎక్కువ, గాలి ఎక్కువ తాగుతుంది, పాడైతే బాగుచేసేవాడు మన ఊళ్లలో దొరకడు.

పిల్లలకైతే పది రంధ్రాలదే కొనమంటాను. ట్రెమొలో మీద ఇంత ప్రేమ ఉండి కూడా ఈ మాట ఎందుకంటున్నానో కింద వస్తుంది. యాభై దాటి, నాలుగు పాత పాటలు వాయించుకుంటే చాలు అనుకునేవాళ్లు హాయిగా ట్రెమొలో కొనుక్కోవచ్చు.

ఏది కొన్నా దాని మీద ఇంగ్లిష్ అక్షరం ఒకటి చెక్కి ఉంటుంది. మీ వ్యాసంలో రాయని ముఖ్యమైన సంగతి ఇదే. ఆ అక్షరం దాని శ్రుతి. ‘సి’ అంటే మన ఒకటి శ్రుతి, ‘డి’ అంటే రెండు, ‘జి’ అంటే ఐదు. హార్మోనీలో అయితే మెట్టు మార్చుకుంటే శ్రుతి మారుతుంది. ఇందులో మారదు. అందుకే కచేరీలు చేసేవాళ్లు పెట్టె నిండా వేరువేరు శ్రుతులవి పెట్టుకు తిరుగుతారు. మొదటిది మాత్రం ‘సి’ కొనండి. పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ మొదటి పాఠాలు ఎక్కువగా దానికే చెబుతారు. పైగా పది రంధ్రాల వాటిలో ‘జి’ బొంగురుగానూ, ‘ఎఫ్’ కీచుగానూ ఉంటాయి, ‘సి’ మధ్యస్థంగా ఉంటుంది. అసలు అక్షరమే లేనిది కనిపిస్తే అక్కడే పెట్టేసి వచ్చేయండి. నా ఎర్ర రేకు మీద చిలకలున్నాయి గానీ అక్షరం లేదు.

2009లో మా అబ్బాయి ఉద్యోగంలో చేరి మొదటి జీతంతో నాకు పది రంధ్రాలది కొన్నాడు. నేను ఇరవై ఏళ్ల అనుభవం ఉందన్న ధీమాతో ఎడమ చివర ఒకటో రంధ్రం నుంచి సరిగమ మొదలుపెట్టాను. స వచ్చింది, రి వచ్చింది, గ వచ్చింది. మ లేదు. పది రోజులు వెతికాను. నా నోటి తప్పేమో అనుకున్నాను, రీడ్ పోయిందేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆ కింది స్థాయిలో మ, ద అసలు పెట్టనే లేదు. మొదటి మూడు రంధ్రాల్లో ఊదితే స గ ప, పీలిస్తే రి ప ని. పాట వాయిస్తూ తోడుగా నాలుగు రంధ్రాలు కలిపి ఊదితే కార్డ్, అంటే ఒకదానికొకటి పొసిగే స్వరాల గుంపు, పలకాలని దాన్ని తయారుచేసినవాళ్లు అలా అమర్చుకున్నారు. అది వాళ్ల పాటల అవసరం. ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పక ఎంతమంది పిల్లలు ‘నాకు రాదు’ అని మూల పడేశారో!

సప్తస్వరాలూ వరసగా దొరికేది మధ్యలో, నాలుగు నుంచి ఏడు దాకా. స నాలుగు ఊది, రి నాలుగు పీల్చి, గ ఐదు ఊది, మ ఐదు పీల్చి, ప ఆరు ఊది, ద ఆరు పీల్చి. ఇంతదాకా ఊదు, పీల్చు, ఊదు, పీల్చు అని లయగా నడుస్తుంది. ఏడో రంధ్రం దగ్గర తిరగబడుతుంది. ని ఏడు పీల్చి, పై స ఏడు ఊది. అంటే ద, ని రెండూ వరసగా పీల్చాలి. పాయింట్ల మీద బండి లైన్ మారేటప్పుడు వ్యాగన్లు కుదుపుతాయి చూశారా, మొదటి నెల అందరూ అక్కడ కుదుపుతారు. మెల్లగా పోతే పట్టాలు తప్పదు.

ఇలా వచ్చేది శంకరాభరణం రాగం. కానీ మన పిల్లలకి మోహనతో మొదలుపెట్టించమని నా సలహా. మోహనలో మ, ని ఉండవు. స రి గ ప ద స. నాలుగు ఊది, నాలుగు పీల్చి, ఐదు ఊది, ఆరు ఊది, ఆరు పీల్చి, ఏడు ఊది. కుదుపుండే ఆ ఏడు పీల్చడం అన్నదే రాదు. పైగా మనకి చెవిలో ఉన్న రాగం కాబట్టి, తప్పు పడితే పిల్లలకే తెలిసిపోతుంది.

ఇక రెండు గంటల్లో పాట సంగతి. రెండు గంటల్లో వచ్చేది నాలుగు స్వరాల గుంపు. పక్క రంధ్రాల్లోకి గాలి పోకుండా ఒక్క స్వరం శుభ్రంగా పలికించడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఈల వేసేటప్పటిలా పెదాలు ముందుకి పెట్టాలి, కానీ బిగించకూడదు. మౌత్ ఆర్గాన్ పెదాల అంచున తగిలించుకోవడం కాదు, లోపలి తడి తగిలేదాకా నోట్లోకి పోవాలి. పిల్లలు మొహమాటపడి అంచున పెట్టుకుంటారు, గాలి చెంపల పక్క నుంచి పోతుంది. బుగ్గలు పూరించి ఊదడం ఇంకో అలవాటు. గాలి పొట్టలోంచి రావాలి, అదీ మెల్లగా. గట్టిగా ఊదితే చప్పుడు పెద్దదేమీ కాదు గానీ లోపలి ఇత్తడి నాలుక అలిసిపోయి కొన్నాళ్లకి శ్రుతి దిగిపోతుంది. నేను విజిల్ ఊదే ఊపిరి మర్చిపోవడానికే ఏడాది పట్టింది.

మా మనవడు హైదరాబాద్‌లో ఏడో తరగతి. కిందటి దసరాకి వాడికి పది రంధ్రాల ‘సి’ కొనిచ్చాను, మూడు వేల చిల్లర అయింది. మూడో రోజు రాత్రి వీడియో కాల్ చేశాడు. ‘తాతయ్యా, రెండో రంధ్రం పీలిస్తే మూగగా ఉంది, రీడ్ పోయింది, రిటర్న్ పెట్టేద్దామా?’ అన్నాడు. వాళ్ల నాన్న అప్పటికే డబ్బాలో సర్దేస్తున్నాడు. ఆగమన్నాను. మొదటిసారి పట్టుకున్న ప్రతివాడికీ ఆ రెండో రంధ్రం దగ్గరే ఈ టెన్షన్ వస్తుంది. రీడ్ బాగానే ఉంటుంది. నోరు ఇరుకు చేసి గట్టిగా లాగితే అది బిగుసుకుంటుంది. ‘ఈ అన్నట్టు పెట్టకు, దవడ కిందకి వదిలి ఆవలింత వచ్చినట్టు ఆ అన్నట్టు పెట్టి, టీ వాసన చూసినంత మెల్లగా పీల్చు’ అన్నాను. నాలుగుసార్లు ఏమీ లేదు. ఐదోసారి పలికింది, కింది ప. వాడి కళ్లు పెద్దవయ్యాయి. డబ్బా మళ్లీ అటక మీదకి పోయింది.

ఇప్పుడు ట్రెమొలో వద్దన్న కారణం. వాడు కాలనీలో ఒక మేడమ్ దగ్గర కర్ణాటక సంగీతం కూడా నేర్చుకుంటున్నాడు. సరళీ స్వరాలు, అంటే మొదటి పాఠాలు, మనకి మాయామాళవగౌళ రాగంలో కదా. అవి మౌత్ ఆర్గాన్ మీద వాయిస్తే అపస్వరం వస్తోందని ఏడుపు మొహం పెట్టాడు. నిజమే, మాయామాళవగౌళకి శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం కావాలి. ‘సి’ మౌత్ ఆర్గాన్‌లో మామూలుగా పలికే రి, ద రెండూ అర మెట్టు పైనుంటాయి. ట్రెమొలోలో అయితే కథ ఇక్కడితో సరి. పది రంధ్రాల దాంట్లో ఒక కిటుకుంది. పీలుస్తూ నోట్లో మన నాలుకని ఈ నుంచి ఓ అన్నట్టు వెనక్కి జరిపితే స్వరం కిందకి వంగుతుంది. దీన్ని బెండింగ్ అంటారు. అన్ని రంధ్రాల్లో కుదరదు, కుదిరిన చోట ఒక్కోదానికి ఒక్కో లెక్క. నాలుగో రంధ్రంలో రి సరిగ్గా అర మెట్టు దిగుతుంది. ఆరో రంధ్రంలో ద కూడా సరిగ్గా అర మెట్టు దిగుతుంది. మాయామాళవగౌళకి దిగాల్సినవి ఆ రెండే! జర్మనీ వాళ్లు మన సరళీ స్వరాలు దృష్టిలో పెట్టుకుని చేసి ఉండరు గానీ, నాకు ఈ సంగతి తట్టిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. వంచడం నేర్చుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. వంచిన స్వరాన్ని జారిపోకుండా నిలబెట్టడం ఇప్పటికీ పూర్తిగా రాలేదు. మనవడికి అప్పుడే వస్తోంది, నాకు కొంచెం అసూయగానే ఉంది.

జాగ్రత్తల గురించి రెండు మాటలు. లోపలి దువ్వెన, అంటే రంధ్రాలుండే మధ్య ముక్క, ప్లాస్టిక్‌దే తీసుకోండి. మా గోదావరి జిల్లాల ఉక్కకి చెక్కది తేమ పీల్చి ఉబ్బుతుంది, పెదాలకి గీరుకుంటుంది. వాయించేముందు నోరు పుక్కిలించాలి. అయిపోయాక రంధ్రాలు కిందకి పెట్టి అరచేతి మీద నాలుగుసార్లు తట్టి, కాసేపు ఆరనిచ్చి డబ్బాలో పెట్టాలి. ఎంగిలి వాయిద్యం కాబట్టి అన్నకి ఒకటి, చెల్లికి ఒకటి. జీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇది వాయిస్తే ఊపిరితిత్తులు బాగుపడతాయి, బీపీ తగ్గుతుంది అని మా వాకింగ్ మిత్రులు వాట్సాప్‌లో పంపుతుంటారు. నా బీపీ మాత్రలు నేను వేసుకుంటూనే ఉన్నాను. ఆ పేరు చెప్పి మౌత్ ఆర్గాన్ అమ్మడం నాకు నచ్చదు. జేబులో పడుతుంది, కరెంటు అక్కర్లేదు, అది చాలదా? 1965 డిసెంబరులో జెమిని 6 నౌకలో వెళ్లిన వాల్టర్ షిరా అనే వ్యోమగామి ఒక బుల్లి మౌత్ ఆర్గాన్ దొంగచాటుగా తీసుకెళ్లి అంతరిక్షంలో క్రిస్మస్ పాట వాయించాడు. దానికి నాలుగే రంధ్రాలు. హార్మోనీ అయితే దాచగలిగేవాడా?

మీ పేజీ అడుగున ‘వచ్చే వారం వేణువు’ అని వేశారు. వేణువుకి కూడా శ్రుతి ఉంటుంది, పిల్లల వేళ్లకి అందే పొడవు ఉంటుంది, మన కర్ణాటక వేణువు వేరు, హిందుస్తానీ బాన్సురీ వేరు. దయచేసి ఈసారి వేసేముందు వేణువు వాయించేవాళ్లని ఒకరిని అడిగి వేయండి. మౌత్ ఆర్గాన్ విషయంలో సవరణ వేయడానికి జాగా లేకపోతే, కనీసం ‘సి శ్రుతి, పది రంధ్రాలు’ అని ఒక్క లైను వేసినా చాలు.

ఇట్లు,
రిటైర్డ్ గూడ్స్ గార్డు,
రాజమహేంద్రవరం